కారు ‘టక్’మంటుంది, స్టార్ట్ కాదు: శబ్దాన్ని బట్టి కారణం, పరిష్కారం

తాళం తిప్పినప్పుడు ఇంజిన్ తిరగకుండా బానెట్ కింద టక్కుమనే శబ్దం మాత్రమే వస్తే, చాలామంది బ్యాటరీ పోయిందని అప్పటికప్పుడే నిర్ణయించుకుంటారు. అది నిజమయ్యే అవకాశం ఉన్నా, వేల రూపాయలు పెట్టి కొత్తది కొనే ముందు ఆ శబ్దం ఎలా ఉందో వినాలి, లైట్లు ఏమవుతున్నాయో చూడాలి. పది నంబరు పానాతో కొద్ది నిమిషాల్లో సరిచేసుకోగల లోపం కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది.

ఆ శబ్దం సెల్ఫ్ మోటారు మీద ఉండే సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంత స్విచ్చుది. అది చిన్న పళ్లచక్రాన్ని ఇంజిన్‌కు బిగించిన పెద్ద చక్రం (ఫ్లైవీల్) పళ్లలోకి నెట్టి, మోటారుకు కరెంటు అందించే రాగి కాంటాక్టులను కలుపుతుంది. సోలినాయిడ్ కదలడానికి కొద్దిపాటి కరెంటు చాలు గానీ, మోటారు ఇంజిన్‌ను తిప్పడానికి చిన్న పెట్రోలు కారులో కూడా సుమారు 100 ఆంపియర్లు, అంతకు మించి అవసరమవుతాయి. డీజిల్ కారుకు ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి శబ్దం వచ్చినంత మాత్రాన బ్యాటరీ బాగుందని చెప్పలేము, పోయిందనీ చెప్పలేము.

హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, కారు లోపలి రూఫ్ లైటు వెలిగించి తాళం తిప్పండి. కొన్ని కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు వాటంతటవే ఆగిపోతాయి కనుక ఈ పరీక్షకు రూఫ్ లైటే నమ్మదగినది.

టకటకమని వరుసగా కొట్టుకుంటూ, లైటు మసకబారితే

మోటారు కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ పట్టుకుంటుంది. ఆ వరుస శబ్దానికి కారణం ఇదే. లోపం బ్యాటరీ ఛార్జిలోనైనా ఉండాలి, టెర్మినళ్లలోనైనా ఉండాలి.

ముందుగా టెర్మినళ్లే చూడాలని నా గట్టి అభిప్రాయం. తాళం తీసేసి, టెర్మినల్‌ను పట్టి ఉంచే క్లాంపును చేత్తో పట్టుకొని తిప్పి చూడండి. పిసరంత కదిలినా అది వదులుగా ఉన్నట్టే. చుట్టూ తెల్లటి లేదా పచ్చటి పొడి పేరుకుంటే అది కరెంటుకు అడ్డుపడుతుంది. నెగటివ్ క్లాంపును ముందు విప్పాలి, చివర బిగించాలి. లేకపోతే పాజిటివ్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. తినే సోడా కలిపిన నీళ్లను సెల్ మూతల్లోకి పోకుండా పొడి మీద పోస్తే నురగ వచ్చి కరిగిపోతుంది. తరువాత నీళ్లు తుడిచి, సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గర అగ్గిపుల్ల గానీ బీడీ గానీ ఉండకూడదు.

అప్పటికీ మారకపోతే వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టండి. కొన్ని గంటలు ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపితే ఛార్జి నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే దాదాపు అయిపోయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే, పూర్తిగా ఛార్జి చేసి మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే పడితే బ్యాటరీ మార్చక తప్పదు.

వరంగల్, రామగుండం ఎండలు బ్యాటరీకి చేసే హాని ఎక్కువ. మే నెల వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు త్వరగా తుప్పుపడతాయి. అయినా ఆ దెబ్బ అప్పుడే బయటపడదు, డిసెంబరు చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి మోటారు మీద భారం పెరిగిన ఉదయాన బయటపడుతుంది. హనుమకొండ నుంచి కాజీపేట దాకా ఏసీ వేసుకొని వెళ్లి రావడమే తప్ప దూరం నడవని కారులో, సెల్ఫ్‌కు ఖర్చయిన ఛార్జి పూర్తిగా తిరిగి నిండదు.

పొరుగువారి కారుతో జంపర్ కేబుల్ వేసుకుంటే, ఎర్ర కేబుల్‌ను ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తరువాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల కేబుల్ మొదటి కొసను మంచి బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను ఆగిన కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా పెట్టాలి. మాన్యువల్ గేరు కారునైతే రెండో గేరులో నెట్టి స్టార్ట్ చేయవచ్చు, కానీ ఇంజిన్ అందుకునేదాకా బ్రేకు, స్టీరింగ్ బరువుగా ఉంటాయి కనుక ఖాళీ వీధిలోనే చేయాలి. ఆటోమేటిక్ కారును నెట్టి లాభం లేదు.

ఒక్కసారే టక్కుమని, లైటు తగ్గకపోతే

కరెంటు మోటారు దాకా చేరడం లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోవడం, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం ముఖ్య కారణాలు. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు మోటారు బాడీ మీద చిన్న కర్రతో మెల్లగా తడితే ఇరుక్కున్న బ్రష్ కదిలి ఇంజిన్ అందుకోవచ్చు. అది ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి చేరడానికే తప్ప మరమ్మతు కాదు. మోటారును విప్పించే ముందు, బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి, ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరు చూపించండి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ లోహం మీద ఉంచి సెల్ఫ్ కొట్టినప్పుడు 0.5 వోల్టుకు మించి చూపితే లోపం ఆ వైరులోనే ఉంది.

వరద నీళ్లలో నిలిచిన కారు టక్కుమంటే

2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినట్టు నీళ్లు వచ్చినప్పుడు కారు అందులో నిలిచి ఉంటే, దయచేసి రెండోసారి తాళం తిప్పకండి. సిలిండర్లో చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు. బలవంతంగా తిప్పితే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. కారును లాగించి తీసుకెళ్లి, స్పార్క్ ప్లగ్గులు, డీజిలైతే ఇంజెక్టర్లు తీయించి నీళ్లు పోయాకే సెల్ఫ్ కొట్టించాలి.

స్టార్ట్ అయిన తరువాత

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు రావాలి. 13 కూడా దాటకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును పరీక్ష చేయించాలి, లేకపోతే కొత్త బ్యాటరీ కూడా కొద్ది రోజుల్లో డౌన్ అవుతుంది. ఛార్జింగ్ వస్తుందో లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ క్లాంపు పీకి చూసే పాత అలవాటు కొన్ని షాపుల్లో ఇంకా ఉంది. దానివల్ల వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోయే ప్రమాదం ఉంది కనుక, మీ కారు మీద దాన్ని చేయనివ్వకండి.