హిందీ లింగం తికమక పెడుతుంటే ఫోన్‌లో ఇలా చేయండి

తెలుగులో రొట్టె, మామిడిపండు రెండూ ‘అది’యే. హిందీలో మాత్రం ప్రతి వస్తువూ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. అందుకే మనవాళ్లు ‘మైనే రోటీ ఖాయా’ అనేస్తుంటారు. ‘ఖాయీ’ అనాలి. ‘నే’ వచ్చినప్పుడు క్రియ తిన్నవాళ్లను బట్టి కాదు, తిన్న వస్తువును బట్టి మారుతుంది.

ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. అందులో ‘కితాబ్ – స్త్రీలింగం’ అని కార్డు రాసుకోకండి. పరీక్షకు గుర్తుంటుందేమో కానీ మాట్లాడేటప్పుడు నోటికి రాదు. చిన్న వాక్యం రాసి, క్రియ దగ్గర ఖాళీ వదలండి. ‘మైనే చాయ్ ___’ అంటే ‘పీ’. ‘మైనే దూధ్ ___’ అంటే ‘పియా’. ఈ రెండూ పక్కపక్కన పడితే తేడా చెవికి తెలుస్తుంది. జవాబు పైకి అన్నాకే కార్డు తిప్పండి. ఇది చాలా ముఖ్యం.

‘పానీ’ లాంటివాటికి తప్పకుండా కార్డు ఉండాలి. చివర ‘ఈ’ ఉన్నా అది పుంలింగమే: ‘ఠండా పానీ’.

రోజుకు ఐదు కొత్త కార్డులు చాలు. తప్పిన కార్డును యాప్ మళ్లీ త్వరగానే ముందుకు తెస్తుంది, టెన్షన్ వద్దు.