పాత షాపుల సందుకు మళ్లీ జనం రావాలంటే: విశాఖ వన్ టౌన్‌లో పని ఎక్కడ మొదలుపెట్టాలి

పాతబడ్డ షాపుల సందును బాగుచేద్దామనగానే కమిటీలో మొదటి మాట ఆర్చి గురించే వస్తుంది. దయచేసి డబ్బు ముందు అక్కడ పోయకండి. సందు మొదట్లో నిలబడితే అవతలి రోడ్డు కనబడదు, లోపల ఉక్క, కాలికింద తడి. ఇవి పోనిదే ఎవరూ లోపలికి రారు.

ముందుగా షట్టరు దాటి పెరిగిన అరుగులు, అడ్డంగా కట్టిన బోర్డులు తీయించండి. 2.4 మీటర్ల ఎత్తు లోపు ఏదీ వేలాడకూడదు.

తర్వాత నేల. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. పాత గచ్చు మీదే కొత్త రాయి పరిస్తే కింద వేసే సిమెంటు పొర (బెడ్డింగు)తో కలిపి 60–70 మి.మీ. లేస్తుంది. షాపుల గడపలు పల్లమైపోయి, మొదటి వానకే నీళ్లు సరుకు అట్టపెట్టెల్లోకి వెళ్తాయి. అందుకే లెవెల్ పైపుతో (నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శక గొట్టం) ప్రతి గడప మట్టం గోడ మీద గీయించి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న గడప కన్నా 20 మి.మీ. కిందకు కొత్త నేల వచ్చేలా పాత గచ్చు తవ్వాలి. మూడు మీటర్ల సందైతే మధ్యలో కాలువ పెట్టి, రెండు వైపుల నుంచీ 20 మి.మీ. చొప్పున వాలు ఇవ్వండి. రాయి గరుకు కోటా రాయి (ఒక రకం సున్నపురాయి) చాలు. పాలిష్ రాయి తడిస్తే జారుతుంది. చివర్లలో మెట్లు వద్దు, 1:12 ర్యాంపు (ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు) కట్టండి. సగం వెడల్పు చొప్పున చేస్తే వ్యాపారం ఆగదు.

పైకప్పుకు పాలీకార్బొనేట్ షీటు (వెలుతురును పోనిచ్చే గట్టి ప్లాస్టిక్) వాడితే వెలుతురొస్తుంది, కానీ గోడకూ కప్పుకూ మధ్య కనీసం 450 మి.మీ. ఖాళీ లేకపోతే వేడిగాలి బయటికి పోదు. 2014 హుద్‌హుద్ తుపాను చూసిన ఊరిది. కట్టడాలపై గాలి భారాల భారతీయ ప్రమాణం (ఐఎస్ 875) ప్రకారం ఇక్కడ లెక్కకు తీసుకోవాల్సిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. కప్పు అంచుల్లో ఇంకా ఎక్కువ లాగుతుంది. ఫ్రేమును ఇటుక పిట్టగోడకు బిగిస్తే గోడతో సహా లేచిపోతుంది. కాంక్రీటు స్తంభానికో బీముకో బిగించండి, ఇంజినీరు లెక్క కట్టాకే. మూడు మీటర్ల షీటు ఎండకు 8 మి.మీ. దాకా సాగుతుంది కాబట్టి స్క్రూ రంధ్రం వదులుగా ఉండాలి. వాషరు ఈపీడీఎం రబ్బరుది; మెత్తటి పీవీసీ వాషరు చుట్టూ షీటు పగుళ్లిస్తుంది. ఉప్పుగాలికి మామూలు జీఐ (జింకు పూత ఇనుప) స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి.

సంక్రాంతి అయ్యాక మొదలుపెడితే జూన్ వానల్లోపు కప్పు పడుతుంది.