కళ్ళకి పాత కేసెట్ గేమ్, వేళ్ళకి కొత్త గేమ్: తయారు చేయడం ఎలా?

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్ళు. మూడు నెలలు సాయంత్రాలు కూర్చుని చేసిన గేమ్‌ని వాడి చేతిలో పెడితే నాలుగు నిమిషాలు ఆడి, "మావయ్యా, నేను నొక్కాను, అది ఎగర్లేదు" అన్నాడు. అచ్చం తొంభైల నాటి కేసెట్ గేమ్‌లా ఉండాలని నేను పడ్డ తాపత్రయమంతా ఆ ఒక్క మాటతో పోయింది. వాడు సరిగ్గానే నొక్కాడు. గేమే వినలేదు.

వేసవి సెలవుల్లో టీవీకి తగిలించుకుని, బొమ్మ రాకపోతే కేసెట్ తీసి ఉఫ్‌మని ఊది, కాంట్రా ఆడినవాళ్ళకి గుర్తుండిపోయింది ఆ బొమ్మలూ ఆ మ్యూజిక్కూ. ఉన్న 3 ప్రాణాలూ అయిపోయి స్టేజి మొదటికి వచ్చినప్పటి ఏడుపు మనం ఎప్పుడో మరిచిపోయాం. అందుకే కళ్ళకీ చెవులకీ పాతది ఇద్దాం, వేళ్ళకి ఇవాళ్టిది ఇద్దాం. పక్కకి పరిగెత్తి గెంతే ప్లాట్‌ఫార్మర్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. నేను వాడేది గోడో 4 అనే గేమ్ ఇంజిన్ (గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్), అది ఉచితం. ఇంజిన్ వేరేదైనా లెక్కలు ఇవే.

1. తెర కొలత ముందే తేల్చుకోండి

నింటెండో వాళ్ళ పాత గేమ్ మెషీన్ ఎన్ఈఎస్ తెర 256×240 చుక్కలు (పిక్సెళ్ళు). దాన్ని యథాతథంగా పెడితే ఇప్పటి వెడల్పు తెరల మీద రెండు పక్కలా నల్లపట్టీలు మిగులుతాయి. 320×180 తీసుకోండి. ఆరు రెట్లు చేస్తే సరిగ్గా 1920×1080 అవుతుంది, నాలుగు రెట్లు చేస్తే 1280×720. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ప్లాట్‌ఫార్మర్ కొలత కూడా ఇదే.

గోడో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ మోడ్ 'వ్యూపోర్ట్', స్కేల్ మోడ్ 'ఇంటీజర్', టెక్స్చర్ ఫిల్టర్ 'నియరెస్ట్' పెట్టండి. ఈ మూడోది మరిస్తే బొమ్మలన్నీ అలికినట్టు కనిపిస్తాయి. ఒక బొమ్మని రెండింతలు సాగదీసి పక్కన మామూలు బొమ్మ పెట్టడం కూడా వద్దు. చుక్కల సైజులు కలగాపులగమైతే పాతదనం అక్కడే చెడుతుంది.

2. రంగులకి కంచె వేయండి

ఎన్ఈఎస్‌లో ఒక స్ప్రైట్‌కి (తెర మీద కదిలే చిన్న బొమ్మకి) 3 రంగులే, నాలుగోది పారదర్శకం. ఆ ఇరుకులోంచే తెలివి పుట్టింది: 1985 నాటి సూపర్ మారియో బ్రోస్‌లో ఆకాశంలో మేఘమూ నేల మీద పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే మార్చారు. మొత్తం గేమ్‌కి 16 రంగులు ఎంచుకుని, కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. ప్రమాదానికి ఒక రంగు కేటాయించి, దాన్ని ఇంకెక్కడా వాడకండి.

అలాగని పాత మెషీన్ లోపాలన్నీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఎన్ఈఎస్ ఒక అడ్డగీతలో 8 స్ప్రైట్లనే చూపగలదు, అంతకు మించితే బొమ్మలు మిణుకు మిణుకుమనేవి. 2014లో పాత గేమ్‌ల తీరులో షవెల్ నైట్ అనే గేమ్ చేసినవాళ్ళు ఆ మిణుకుల్ని వదిలేశారు, తెరని 400×240కి వెడల్పు చేశారు, రంగులు కూడా కొన్ని కలిపారు. అయినా చూసినవాళ్ళు పాత గేమే అనుకుంటారు.

3. గెంతు: సగం పని ఇక్కడే

గురుత్వం ఎంతో ఊహించి అంకెలు మారుస్తూ కూర్చోకండి. ఎంత ఎత్తు గెంతాలి, పైకి చేరడానికి ఎంతసేపు పట్టాలి అన్న రెండే తేల్చుకోండి. నేల పలకలు 16 చుక్కలవి అనుకుందాం. మూడు పలకల ఎత్తు అంటే 48 చుక్కలు, సమయం 0.4 సెకన్లు. ఎత్తుని రెండింతలు చేసి సమయంతో భాగిస్తే మొదటి వేగం: 96ని 0.4తో భాగిస్తే సెకనుకి 240 చుక్కలు. దాన్ని మళ్ళీ 0.4తో భాగిస్తే గురుత్వం: 600. బటన్ ముందే వదిలేస్తే పైకి వెళ్ళే వేగాన్ని సగానికి కోసేయండి, గెంతు పొట్టిదవుతుంది. (ఇది కొత్త విద్యేం కాదు. బటన్ నొక్కినంతసేపట్టి గెంతు ఎత్తు మారడం పాత మారియోలోనే ఉంది.)

ఇక మా వాడి ఫిర్యాదు. వాడు అంచు దాటిన మరుక్షణం నొక్కుతున్నాడు. కంటికి కాలు ఇంకా నేల మీదే ఉంది, కోడ్ లెక్కలో అప్పటికే గాల్లో ఉంది. దీనికి మందు 'కొయోట్ టైమ్'. కార్టూన్లలో కొండ అంచు దాటాక కూడా గాల్లో పరిగెత్తే కొయోట్ (నక్కలాంటి జంతువు) పేరే దీనికి పెట్టారు. నేల మీద ఉన్నంతసేపూ ఒక గడియారాన్ని 0.1 సెకను దగ్గర ఉంచండి, కాలు లేచాక అది తగ్గుతూ పోవాలి. సెకనుకి 90 చుక్కల వేగంతో పరిగెత్తేవాడికి ఇది 9 చుక్కల దయ. ఎవరికీ కనపడదు.

దీనికి జోడీ జంప్ బఫర్. నేల తాకేలోపే నొక్కితే ఆ నొక్కుని ఇంకో 0.1 సెకను గుర్తుంచుకోవాలి. రెండు గడియారాల్లోనూ సమయం మిగిలి ఉంటే గెంతించండి, వెంటనే రెంటినీ సున్నా చేయండి. నేను మొదట ఆ సున్నా చేయడం మరిచాను. హీరో గాల్లోనే రెండోసారి గెంతాడు.

తల ఇటుక మూలకి నాలుగు చుక్కల మేర తగిలితే పక్కకి కొంచెం నెట్టేయండి. సెలెస్ట్‌లో ఈ మూడు దయలూ ఉన్నాయి, అయినా దాన్ని తేలిక గేమ్ అని ఎవరూ అనరు.

4. చావుకి కొత్త ధర కట్టండి

మూడు ప్రాణాల లెక్క ఆర్కేడ్ మెషీన్లది. ఆట త్వరగా ముగిస్తేనే ఇంకో నాణెం పడుతుంది. మీ గేమ్‌లో నాణెం వేసేవాడు లేడు. సెలెస్ట్‌లో చస్తే క్షణంలో అదే గదిలో మళ్ళీ లేస్తాం. షవెల్ నైట్‌లో చచ్చిన చోట కొంత బంగారం సంచుల్లో తేలుతూ ఉంటుంది, వెళ్ళి తెచ్చుకోవచ్చు. నాకు రెండోదే ఇష్టం, చావుకి కొంచెమైనా విలువ ఉండాలి కదా. ఏది ఎంచుకున్నా మళ్ళీ మొదలవడానికి ఒక సెకను దాటనివ్వకండి.

5. శబ్దం

ఎన్ఈఎస్‌లో ఒక్కో రకం శబ్దానికి ఒక్కో ఛానెల్: పల్స్ రెండు, ట్రయాంగిల్ ఒకటి, నాయిస్ ఒకటి, రికార్డు చేసిన ముక్కకి ఒకటి, మొత్తం ఐదు ఛానెళ్ళు. ఇలాంటి మ్యూజిక్ చేయడానికి బ్రౌజర్‌లోనే నడిచే బీప్‌బాక్స్ చాలు. వాల్యూమ్ తగ్గించే బటన్ మాత్రం ఇవ్వండి.

6. తెలుగు అక్షరాల దగ్గర పట్టు విడవండి

ఇంగ్లిష్ అక్షరం 8×8 చుక్కల్లో ఇమిడిపోతుంది. 'స్త్రీ' అని అందులో రాసి చూడండి! పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు, అంతా నల్లటి ముద్ద. తెలుగు మాటలుంటే ఆటని మాత్రం 320×180 సబ్‌వ్యూపోర్ట్‌లో (తెర లోపలి చిన్న తెరలో) పెట్టి, మాటల పెట్టెని పూర్తి తెర కొలతలో విడిగా గీయించండి. అప్పుడు పైన చెప్పిన స్ట్రెచ్ మోడ్ అక్కర్లేదు. గోడో 3లో ఒత్తులు అతకవు, 4లోనే సరిగ్గా వస్తాయి.

7. వేరేవాళ్ళ చేతికివ్వండి

పక్కన కూర్చుని నోరు మూసుకోండి. "అక్కడ గెంతు, ఇక్కడ ఆగు" అంటే పరీక్ష చెడినట్టే. ఎక్కడ చచ్చారు, చచ్చాక ఎవర్ని తిట్టారు అన్నది రాసుకోండి. గేమ్‌ని తిట్టిన చోటల్లా కోడ్ మళ్ళీ తెరవాలి.

పోయిన ఆదివారం మా వాడు మళ్ళీ ఆడాడు. రెండో స్టేజిలో ముళ్ళ గుంట దగ్గరే తొమ్మిదిసార్లు పడ్డాడు. పదోసారి పడ్డప్పుడు, "ఛ, తొందరపడ్డాను" అని గొణుక్కుని మళ్ళీ పరిగెత్తించాడు.