మిద్దె తోటలో నులిపురుగులు – 4వ పాఠం: బాక్టీరియాను కాపలా పెట్టడం

నులిపురుగులంటే మట్టిలో ఉండి మొక్కల వేళ్లలో దూరే, కంటికి కనబడనంత సన్నని పురుగులు. అవి పడ్డాయని "అనుమానం వస్తే వేళ్లు చూడండి" అని పోయిన పాఠంలో రాసి వదిలేయడం నా తప్పే. బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకావిడ మూడు సంచుల్లోని చిక్కుడు మొక్కలు పీకి, వేళ్ల నిండా బుడిపెలున్నాయని మట్టితో సహా పారబోశారు. ఫోటో చూసి ఉసూరుమన్నాను. అవి రైజోబియం అనే మేలుచేసే బాక్టీరియా కట్టిన బుడిపెలు, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేవి. డబ్బు పెట్టి బాక్టీరియా కొనబోతూ, ఉచితంగా వచ్చినదాన్ని చెత్తలో వేశామన్నమాట.

ఇది మళ్లీ చెప్పను, గోటితో చూడండి. రైజోబియం బుడిపె వేరు పక్కన అతికించిన పూసలా ఉంటుంది. గీరితే ఊడివస్తుంది, చీల్చితే లోపల గులాబీ రంగు. నులిపురుగు పడితే వేరే ఉబ్బుతుంది, అల్లం కొమ్ములా. గీరితే వేరు తెగుతుంది తప్ప ఉబ్బు ఊడదు. టమాటా, వంగ, బెండలకు రైజోబియం బుడిపెలు రావు. చిక్కుడుకు రెండూ ఒకే వేరు మీద ఉండవచ్చు, అందుకే ఇంత చాదస్తం.

ఇక కాపలా పెట్టే బాక్టీరియా సంగతి. సూడోమోనాస్ అనే బాక్టీరియా వేరు చుట్టూ స్థిరపడి, నులిపురుగు గుడ్లు పగిలి పిల్లలు రావడాన్ని తగ్గిస్తుంది, మొక్క సొంత రక్షణను మేల్కొలుపుతుంది. పిల్లపురుగు లోపల దూరి వేరు ఉబ్బాక ఎంత పోసినా ఉబ్బు తగ్గదు. కాబట్టి నాటకముందే వాడాలి. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఈ బాక్టీరియాతో మందు రూపొందించింది. నాకు మనసంతా పాశ్చూరియా అనే ఇంకో బాక్టీరియా మీదే. దాని బీజాలు దారిన పోయే పురుగు చర్మానికి అంటుకుంటాయి, చివరికి ఆడపురుగు ఒంట్లో గుడ్లకు బదులు ఆ బీజాలే నిండుతాయి. కానీ పురుగు ఒంట్లో తప్ప సులువుగా పెరగదు కనుక దుకాణాల్లో వెతకకండి.

కిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, 20 గ్రాముల సూడోమోనాస్ పొడి కలిపి, గోనెపట్టా కప్పి, నీడలో 15 రోజులు తడి ఆరకుండా ఉంచండి. కుళాయి నీరైతే ముందురోజు రాత్రే వెడల్పాటి బకెట్లో పట్టి తెరిచి ఉంచండి, క్లోరిన్ పోతుంది. పొడి తయారీ తేదీ చూసి కొనండి. సూడోమోనాస్, బాసిల్లస్ అనే మరో బాక్టీరియాలా గట్టి బీజాలు కట్టుకోదు, ఎండలో పెట్టిన పొట్లం బూడిదతో సమానం. నాటే రోజు లీటరు నీటికి 10 గ్రాముల ఈ పొడి కలిపి, నారు వేళ్లను అరగంట ముంచడం నా అలవాటు.

అభ్యాసం: బుడిపెలు వచ్చిన పాత మట్టిని కలియబెట్టి రెండు సంచుల్లో సగం సగం నింపండి. ఒకదానిలో ఈ ఎరువు, రెండోదానిలో బాక్టీరియా లేని అదే ఎరువు వేయండి. రెండింటిలోనూ ఒకే టమాటా నారు. 45 రోజులు పీకి చూడకూడదు. తరువాత వేళ్లను నీటిలో ముంచి కడిగి, ఉబ్బులు లెక్కపెట్టి, అంకెలతో సహా రాసిపెట్టండి. కాయలు కాచే మొక్కలను పీకడం కష్టమే. అయినా పీకండి.