పుట్టినరోజు కార్డులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటగాళ్ల ఫొటోలుండే స్పోర్ట్స్ కార్డులు సేకరించాలని ఉంది, కానీ ఏవి కొనాలో తేలడం లేదా? మీ పుట్టినరోజునే హద్దుగా పెట్టుకోండి. ఆ తేదీన పుట్టిన ఆటగాళ్ల కార్డులు మాత్రమే కొనండి. ఖర్చు అదుపులో ఉంటుంది, సేకరణ అచ్చంగా మీదే అవుతుంది.

ముందు పేర్లు రాసుకోండి. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే వెబ్‌సైట్‌లో పుట్టిన తేదీల వారీగా బేస్‌బాల్ ఆటగాళ్ల జాబితా దొరుకుతుంది. ఒకే ఆటకు కట్టుబడకండి, అసలు ఆనందం అక్కడే ఉంది. ఫిబ్రవరి 5 తీసుకోండి: బేస్‌బాల్‌లో హాంక్ ఆరన్ (1934), ఫుట్‌బాల్‌లో క్రిస్టియానో రొనాల్డో (1985), నేమార్ (1992). నవంబర్ 21 అయితే ఇంకా ముచ్చటేస్తుంది. బేస్‌బాల్ దిగ్గజాలు స్టాన్ మ్యూజియల్ (1920), కెన్ గ్రిఫీ జూనియర్ (1969) ఇద్దరూ ఆ రోజే, అదీ అమెరికాలో పెన్సిల్వేనియాలోని డొనోరా అనే ఒకే ఊళ్లో పుట్టారు! ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుంటే ఎంత బాగుంటుందో.

మీ తేదీకి పెద్ద పేర్లు లేకపోయినా దిగులొద్దు. పెద్దగా తెలియని ఆటగాళ్ల కార్డులు చాలావరకు చవకగా వస్తాయి, నాకైతే అవే ఎక్కువ ఇష్టం. పరిమిత సంఖ్యలో అచ్చేసిన కార్డుల మీద సీరియల్ నంబరు ఉంటుంది, మీ తేదీకి సరిపోయే నంబరు కోసం వెతకొచ్చు. టాప్స్ అనే కార్డుల కంపెనీ తెచ్చే టాప్స్ నౌ కార్డులు 2016 నుంచి ఏ రోజు ఆటకు ఆ రోజువే వస్తున్నాయి కాబట్టి, మీ పుట్టినరోజున జరిగిన మ్యాచ్ కార్డు కూడా దొరకొచ్చు.

కార్డు రాగానే మెత్తటి ప్లాస్టిక్ స్లీవ్‌లో (కవర్‌లో) పెట్టి, ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి దించండి. స్లీవ్ లేకుండా దించితే గీతలు పడతాయి.