పైథాన్‌లో పదాల సార్టింగ్, 4వ పాఠం: పోలిక ఖర్చు

పోయిన పాఠంలో బెంగళూరు పేటల పేర్లను సార్ట్ చేస్తే బసవనగుడి కన్నా ముందు బళ్ళారి రోడ్ వచ్చింది. మన అక్షరమాలలో ళ ఉండేది హ తర్వాత కదా! ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో మాత్రం ళ సంఖ్య 3123, స సంఖ్య 3128. పైథాన్ చూసేది ఆ అంకెలనే.

దీనికి చాలామంది చేసేది, రెండు పేర్లు తీసుకుని ఏది ముందో చెప్పే ఫంక్షన్ రాసి సార్ట్‌కు తగిలించడం. వరుస కుదురుతుంది, వేగం పడిపోతుంది. చిందరవందరగా ఉన్న లక్ష పేర్లకు సుమారు 15 లక్షల పోలికలు పడతాయి. ప్రతిసారీ ఫంక్షన్‌లోకి వెళ్ళి, రెండు పేర్లలోనూ ళ ను హ తర్వాత వచ్చే గుర్తుగా మార్చి రావాలి. మొత్తం 30 లక్షల మార్పులు, అవీ అవే పేర్ల మీద మళ్ళీ మళ్ళీ.

ఆ పని కీకి, అంటే ఒక్కో పేరుకు బదులుగా పోల్చాల్సిన రూపాన్ని ఇచ్చే ఫంక్షన్‌కు, అప్పగించండి. కీ ఫంక్షన్ ఒక్కో పేరుకు ఒక్కసారే నడుస్తుంది, అంటే లక్ష సార్లు. అందులో ఒక్క రీప్లేస్ చాలు: ళ స్థానంలో 3130వ అక్షరం. హ సంఖ్య 3129, దాని పక్క గడిని ఏ అక్షరానికీ ఇవ్వలేదు, ఖాళీ, మన అదృష్టం. అసలు పేర్లు మారవు. సార్ట్ అయ్యేదాకా లక్ష కీలు మెమరీలో ఉంటాయి, అంతే.

ఇప్పుడు టైమ్ కొలిచి చూడండి. ఇక్కడే బోల్తా పడతారు. అదే లిస్టును రెండోసారి సార్ట్ చేస్తే టైమ్ అమాంతం తగ్గుతుంది, అది మీ కోడ్ గొప్ప కాదు. పైథాన్ వాడే సార్టింగ్ పద్ధతి టిమ్‌సార్ట్, ముందే వరుసలో ఉన్న లక్ష పేర్లను 99,999 పోలికలతో దాటేస్తుంది. ప్రతి కొలతకూ చెదిరిన లిస్టు నుంచి కొత్త కాపీ తీసుకోండి. కాపీ చేసే టైమ్ కలపకండి.

ఇంకో సంగతి. 3.7 వెర్షన్ నుంచి, అన్నీ మామూలు ఇంగ్లిష్ పేర్లే అయితే పైథాన్ పోలికకు అడ్డదారి వాడుతుంది. లక్షలో ఒక్క పేరు తెలుగులో ఉన్నా ఆ దారి లిస్టు మొత్తానికీ మూసుకుపోతుంది. రెండు లిపులూ కలిసి ఉంటే విడదీసి సార్ట్ చేయడం మేలు.

అభ్యాసం: ళ తర్వాత ఱ వచ్చేలా కీ మార్చండి. 3131 కూడా ఖాళీయే. రెండు రీప్లేస్‌లు, రెండు అక్షరాలనూ ఒకేసారి మార్చే ఒక్క ట్రాన్స్‌లేట్, రెండింటినీ కొలవండి.