అప్పగించబడిన ధనం: విశ్వాసికి పొదుపు, పెట్టుబడి విధానం

భూమియు దాని సంపూర్ణతయు యెహోవావేనని 24వ కీర్తన చెబుతుంది. ఆ మాటను నమ్మిన విశ్వాసి తన చేతిలోని డబ్బుకు గృహనిర్వాహకుడు మాత్రమే గనుక, పెట్టుబడులు వెతకడానికి ముందు అతడు లెక్క రాయడం నేర్చుకోవాలి. గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని తగులుబడి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పినట్లే, మూడు నెలలపాటు రాబడినీ ఖర్చునూ ఒక పుస్తకంలో రాసి, ఆ తరువాత ఇంటివారంతా కలిసి నెలవారీ ప్రణాళిక వేసుకోండి. అందులో మొదటి వరుసలో కానుక ఉండాలి. రాబడిలో పదో వంతు, అంటే దశమభాగం ఇవ్వడం నేటికీ నియమమేనా అన్నదానిపై సంఘాల మధ్య భిన్నాభిప్రాయాలున్నా, సణుగుకొనక, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలన్న పౌలు మాట (2 కొరింథీయులకు 9:7) అందరికీ వర్తిస్తుంది.

తరువాత అప్పులు. అప్పు చేసేవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతలు 22:7 హెచ్చరిస్తుంది. నెలకు 3 శాతం వడ్డీకి తెచ్చిన బాకీని తీర్చకుండా వదిలేస్తే చక్రవడ్డీతో అది ఏడాదిలో దాదాపు 43 శాతం పెరుగుతుంది. అంతటి రాబడికి హామీ ఇవ్వగల నిజాయితీ గల పెట్టుబడి ఏదీ లేదు గనుక, ముందుగా ఆ బాకీనే తీర్చండి. ఇతరుల అప్పుకు పూటపడవద్దన్న, అంటే హామీగా నిలబడవద్దన్న సామెతల బోధను ప్రేమలేని మాటగా భావించకండి. ఇవ్వగలిగినంత సహాయంగా ఇవ్వండి, హామీ సంతకం మాత్రం పెట్టకండి. వేసవిలోనే ఆహారం కూర్చుకునే చీమలాగా, ఆరు నెలల ఇంటి ఖర్చును ఎప్పుడైనా తీసుకోగలిగే ఖాతాలో ఉంచుకోండి.

వడ్డీ తీసుకోవడం పాపమేమోనని కొందరు విశ్వాసులు మథనపడతారు. బీదవానికి అప్పిచ్చి వడ్డీ కట్టించకూడదని నిర్గమకాండము 22:25 ఆజ్ఞాపిస్తుంది. యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలోనేమో, తనకు అప్పగించిన సొమ్మును సాహుకారుల వద్ద ఉంచితే వడ్డీ అయినా వచ్చేదని యజమాని సోమరి దాసుణ్ణి నిలదీస్తాడు. ఈ రెండూ కలిపి చదివితే, ఒకరి అవసరాన్ని ఆసరాగా చేసుకుని సంపాదించడమే తప్పని నాకు అర్థమవుతుంది. ఏడుగురికి, ఎనమండుగురికి పంచమన్న ప్రసంగి మాటను (11:2) దానధర్మానికే అన్వయించేవారున్నారు, కానీ ఏ కీడు వస్తుందో తెలియదన్న దాని కారణం పెట్టుబడికీ సరిపోతుంది గనుక సొమ్మంతా ఒకేచోట పెట్టకండి. అయిదేళ్లలోపు అవసరపడే డబ్బును షేర్లలో పెట్టకండి. మీరు డబ్బు పెట్టిన మ్యూచువల్ ఫండు ఏయే వ్యాపారాల్లో ఉందో చూసి, మనస్సాక్షి ఒప్పుకోని వాటిని వదిలేయండి.

సంఘంలోని పరిచయాల ద్వారా వచ్చే పథకాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే తోటి విశ్వాసి మాటను మనం పరీక్షించకుండానే నమ్ముతాం. నెలకు 5 శాతం లాభమంటే చక్రవడ్డీ లెక్కలో ఏడాదికి దాదాపు 80 శాతం; పాతవారికి కొత్తవారి సొమ్ము పంచిపెట్టే మోసాలే సాధారణంగా ఇటువంటి మాట ఇస్తాయి. వృద్ధులూ విధవరాండ్రూ దాచుకున్న సొమ్ము ఇలా పోవడం ఎంతో బాధాకరం. అందుచేత చెప్పేవారు ఎవరైనా సరే, లాభం ఏ వ్యాపారం నుంచి వస్తోందో, ఆ పథకం నియంత్రణ సంస్థ వద్ద నమోదైందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఈ రోజే చేరాలని తొందరపెడితే డబ్బు ఇవ్వకండి.